గడీ ఎందుకు ఆగిపోయింది?

వికారాబాద్ స్టేషన్‌లో రైలు ఆగగానే ముందు సీతాఫలాల వాసన పెట్టెలోకి ఎక్కుతుంది, మనుషులు తర్వాత ఎక్కుతారు. మొన్న కూడా అంతే. హైదరాబాదు నుంచి తాండూరుకు పోతూ కిటికీ పక్కన కునుకు తీస్తున్నాను. పండి పగిలిన ఫలాల తీపి, దానితో కలిసిన పచ్చి ఆకుల వగరు, తడిసిన గంప వాసన ముక్కుకు తగిలి మెలకువ వచ్చింది. కిటికీ కింద ఒకామె గంప ఎత్తి చూపిస్తూ ధర చెప్పింది. అలవాటు కొద్దీ "జర తగ్గియ్యక్కా" అనబోయి ఆగాను. ఆ ప్లాట్‌ఫారం మీదే, ఆ పండు దగ్గరే, విమల మేడం నన్ను తొలిసారి పట్టుకున్నారు. పట్టుకున్నారనే అనాలి. దొంగను పట్టుకున్నట్టే పట్టుకున్నారు.

విమల మేడం వికారాబాదులో మా డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పేవారు. ఖాళీ దొరికినప్పుడు రాబోయే కాలాల గురించి సైన్స్ ఫిక్షన్ కథలు రాసి పత్రికలకు పంపేవారు. జరిగిపోయిన దాన్ని చూడటానికీ, జరగబోయేదాన్ని ఊహించటానికీ ఒకటే పనిముట్టు కావాలని, అది మనిషి మనసని ఆమె నమ్మకం. పొట్టి మనిషి. లావు కళ్లద్దాలు. నవ్వితే పక్క పెట్టెలోని వాళ్లు తొంగి చూసేవాళ్లు. పోయిన వానకాలంలో ఆమె కన్నుమూశారు. ఆమెను చూడనివాళ్లకు ఆమె గురించి చెప్పాలంటే ముందు నా గురించి కొంచెం చెప్పాలి. ఎందుకంటే ఆమె బాగుచేసిన సరుకు నేనే.

మాది తాండూరు బట్టల బజారు. మా నాయిన దోమ మండలంలో ఒక ఊళ్లో వ్యవసాయం అన్నకు అప్పగించి, పడుచుతనంలోనే వచ్చి బట్టల దుకాణం పెట్టాడు. తెల్లటి పరుపు పరిచిన గద్దె మీద, విప్పిన చీరల మధ్య నేను పాకడం నేర్చుకున్నాను. నేను నేర్చిన తొలి మాట "తగ్గదు" అని మా మేనమామ ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. గిరాకీకి వచ్చిన ఆమె ఏ చీరకు ఎక్కువ వంకలు పెడుతుందో అదే ఆమెకు నచ్చిందని నాకు పలక పట్టకముందే తెలుసు. ఆ చీరను మడతపెట్టి పక్కన పెట్టేస్తే ఆమె చూపు దాని వెంటే పోతుంది. అప్పుడు ధర చెప్పాలి. నా తెలివికి నాయిన మురిసిపోయేవాడు. డిగ్రీ దాకా చదివిస్తానన్నాడు. ఆ తర్వాత గద్దె మీద కూర్చోవాలన్నాడు. నాకేమో చదువు తలకెక్కుతున్న కొద్దీ ఇంకా చదవాలనిపించింది. డిగ్రీ అయ్యాక నేను గద్దెకు తిరిగొస్తానా, హైదరాబాదు పోయి ఎం.ఏ. చదువుతానా అన్నదే ఆ మూడేళ్లూ మా ఇంట్లో పైకి ఎవరూ ఎత్తని అసలు బేరం.

ఇక ఆ సీతాఫలాల సంగతి. కాలేజీలో చేరిన కొత్త. సాయంత్రం ప్యాసింజరు కోసం నిలబడి ఉన్నాను. మా చరిత్ర మేడం గంప ముందు కూర్చుని, అమ్మేయామె ఎంత చెబితే అంతకు పర్సు తెరుస్తున్నారు. ఆగలేక మధ్యలో దూరాను.

"గంత ధర ఏందక్కా? మెత్తవడ్డయి. రేపటిదాంక ఉంటయా గివి?"

"ఏమే పిల్లా, నడుమ నీకేం నొప్పి? కొనేటామె కొంటున్నది."

"కొనరు. పదండి మేడం, తాండూర్ల మంచియి దొరుకుతయి." మేడం సంచీ పట్టుకుని లాగాను. ఆమె బిత్తరపోయి నా వెంట నడిచారు. పది అడుగులు పోయామో లేదో వెనకనుంచి పిలుపు. "ఓ పిల్లా, ఆగు ఆగు. నీ మాటే కానియ్యి."

నేను రాజ్యం గెలిచినట్టు వెనక్కి తిరిగాను. మేడం పండ్లు తీసుకుని, ఆ అక్క మొదట అడిగిన ధరే ఆమె చేతిలో పెట్టారు.

"బేరం నువ్వే గెలిచినవ్. మస్తు సంబురమైంది. ఆమె ఓడిపోవుడు మాత్రం నాకు ఇష్టం లేదు, అంతే" అన్నారు. రైలెక్కాక పండు విప్పుతూ అడిగారు. "ఆమె పిలుస్తదని నీకెట్ల తెలుసు?"

"సిగ్నల్ దిక్కు చూసింది మేడం. రైలు పోతే గిరాకీ పోతది. గంప ఇంకా నిండుగనే ఉన్నది, మళ్ల మోసుకపోవాలె. మీరేమో పండు పట్టుకొని కండ్లు మూసుకొని వాసన చూస్తున్నరు. గందుకే ధర పెంచింది."

"నేను వాసన చూస్తే ధర పెరిగిందా!" ఆ నవ్వుకు పెట్టెలో పడుకున్న ముసలాయన లేచి కూర్చున్నాడు. "రాజులను గూడ గిట్లనే కనిపెట్టి చూస్తవా నువ్వు?"

"రాజులు మా దుకాణానికి రారు మేడం."

"వస్తరు. రేపటిసంది నేను తోల్కొస్త."

అన్నట్టే తోలుకొచ్చారు. ఆమె క్లాసులో యుద్ధాలూ సంధులూ ఎప్పుడో గాని వచ్చేవి కావు. వచ్చినా వాటి వెనక నిలబడ్డ మనిషి ముందు వచ్చేవాడు. ఒక రాజు తన కోట గోడను మళ్లీ మళ్లీ ఎత్తు పెంచాడని పుస్తకంలో ఉంటే, శత్రువు భయం వల్ల అని మేం రాసుకునేవాళ్లం. "లోపలి గదుల గడియలు ఏ దిక్కుకు ఉన్నయో చూడుండ్రి. శత్రువు బయట ఉన్నడా, ఇంట్లనే ఉన్నడా ఆయన లెక్కల?" అని అడిగేవారు. భయం, సిగ్గు, అసూయ, ఎవరో మెచ్చుకోవాలన్న ఆశ, ఇవి తేదీలంత గట్టి ఆధారాలని, కాకపోతే వాటిని చదవటం కష్టమని చెప్పేవారు. అంతలోనే తన మాట మీద తానే బ్రేకు వేసేవారు. చిన్నప్పుడు తండ్రి కొట్టాడు కాబట్టి పెద్దయ్యాక రాజ్యాలను కొట్టాడు అని తేల్చేసే రాతలంటే ఆమెకు మంట. ఒకసారి స్టాఫ్ రూములో రాజనీతి శాస్త్రం సారు ఆటపట్టించాడు. "ఏం మేడం, సచ్చిన రాజును మంచం మీద పండవెట్టి మనసుల మాట చెప్పమంటున్నరట?"

"చెప్పడు సార్, గదే బాధ. మనమేం చెప్పినా కాదనడు గూడ. గందుకే సచ్చిపోయినోళ్లతోని బతికున్నోళ్లకంటె ఎక్కువ మర్యాదగ ఉండాలె" అన్నారు మేడం. నేను రికార్డులు ఇవ్వటానికి పోయి గుమ్మంలో నిలబడి విన్నాను. రాజులైనందుకు మర్యాద చేయటం తెలుసు గాని, చనిపోయినందుకు మర్యాద చేయటం నాకు కొత్త.

ఆమె కూడా తాండూరులోనే ఒక మేడ మీద గది తీసుకుని ఉండేవారు. అందుకని పోను రాను రైలంతా నాకు ఉచిత క్లాసు. ఉచితం అంటే నాకు ఎంత ప్రేమో చెప్పనక్కరలేదు. ఒకరోజు ధారూర్ స్టేషను దాటాక దిగాలుగా కూర్చున్నారు. ఏమైందంటే రాస్తున్న కథ కదలటం లేదన్నారు. మూడు నాలుగు వందల ఏళ్ల తర్వాతి తాండూరు. రాయి తవ్విన గుంతలన్నీ చెరువులయ్యాయి, వాటి మీద పడవల్లో జనం తిరుగుతున్నారు. కందుల మార్కెట్టు గేటు దగ్గర ఒక యంత్రం ఉంది. జనం భయాలూ ఆశలూ కూడికలు తీసివేతలు వేసి రేపు అందరూ కలిసి ఏం చేస్తారో చెబుతుంది. ఎప్పుడూ తప్పు పోదు. "తప్పు పోకుంటె కథేముంటది? మిషన్ ఖరాబైందని రాయబుద్ధి అయితలేదు. అది చవకబారు ఉపాయం."

"రేపటి సంగతి ఎవరికి చెప్తది మేడం ఆ మిషన్?"

"అందరికీ. బోర్డు మీద వస్తది."

"అయితే ఖరాబు కానక్కర లేదు. రేపు అందరు కందులు అమ్ముతరని బోర్డు మీద పెడితె రేపు ఒక్కడన్న అమ్ముతడా? ధర పడిపోతదని అందరు ఇంట్లనే కూసుంటరు. గిరాకీకి ఏ చీర నచ్చిందో మనకు తెలిసిందని ఆమెకు తెలిస్తె, గా చీర వద్దనే అంటది."

మేడం నా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ కళ్ల ముందుంది. "అంటే మిషన్ నిజం చెప్తది గాబట్టే అబద్ధమైతది!" అని అరిచి, ఆ సంతోషంలో నా వీపు మీద ఒక్కటి చరిచారు. వారం రోజుల్లో కథ పూర్తయింది. పత్రిక వచ్చాక చూస్తే ఆ యంత్రాన్ని ఓడించేది ఒక బట్టల దుకాణం పిల్ల. ఆ పిల్లకు ముక్కు పొడుగు అని రాశారు. దాని మీద నాకు కొంత అభ్యంతరం ఉండేది.

చివరి సంవత్సరం ప్రాజెక్టు రాయాలన్నారు. మా నాయిన ఊళ్లో ఒక గడీ ఉంది. దొరల కాలంలో కోటలాంటి ఇల్లు కట్టాలని మొదలుపెట్టి, పెద్ద దర్వాజా, చుట్టూ గోడ లేపి ఆపేశారు. లోపల ఇల్లు లేదు. ఎందుకు ఆగిందో ఏ కాగితంలోనూ లేదు. నాకు మాత్రం అనుమానం లేకుండా తెలిసిపోయింది. పైవాళ్లకు కట్టాల్సిన పన్ను తగ్గించుకోవటానికి, చూడండి సారూ ఇల్లు కూడా కట్టుకోలేకపోతున్నానని చూపించటానికే దొర దాన్ని సగంలో వదిలాడు! బ్రహ్మాండమైన బేరగాడు! ఆయన మనసులో దూరి వచ్చినట్టు రాసి మేడం చేతిలో పెట్టాను. రైల్లో చదివి కాగితాలు మూశారు.

"దొర మంచిగ కుదిరిండు. అచ్చం నువ్వు చెప్పే మీ నాయిన లెక్కనే ఉన్నడు."

"నిజమా మేడం!" ఉబ్బిపోయాను.

"గదే నా పరేషాన్. ఊరికి పోదాం పద."

ఆదివారం పరిగి మీదుగా దోమ బస్సెక్కి పోయాం. మా పెదనాయిన దర్వాజా నీడలో మంచం వేయించాడు. గడీ ఎందుకు ఆగిందని మేడం అడిగారు. "ఏముంటది మేడం, వానలు వడలే. పంట లేకుంటె దొరైనా ఏం జేస్తడు?" అన్నాడు వ్యవసాయం చేసే పెదనాయిన. గొర్రెలు తోలుకుని అటే పోతున్న మల్లయ్య తాతను అడిగాం. "గా గోడ లోపటికి జీవాలు పోవు బిడ్డా. కొట్టినా పోవు. జీవాలు మెచ్చని జాగల మనిషి బతుకుతడా? దొరకు ఎరుకైంది, ఇడిసిపెట్టిండు" అన్నాడు. చాయ్ తెచ్చిన మా చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "మగోళ్లకేం ఎర్క. దొరసాని అత్తతోని ఒక్క ఇంట్ల ఉండనని మొండికేసి ఉంటది. గంతే!" అనేసి, ఎదురుగా తమ ఇంటి వరండాలో కూర్చున్న తన అత్త వినలేదు కదా అని అటు చూసింది.

తిరుగు బస్సులో మేడం పట్టలేనంత హుషారుగా ఉన్నారు. నేను ముఖం వేలాడేసుకున్నాను. ముగ్గురూ మూడు చెప్పారు, నా కారణం ఒక్కరూ చెప్పలేదు.

"అసలు దొర సంగతి ఒక్కరన్న చెప్పిండ్రా?" అన్నారు మేడం. "మీ పెదనాయిన వాన సంగతి చెప్పిండు. తాత జీవాల సంగతి చెప్పిండు. మీ చిన్నమ్మ ఎవరి సంగతి చెప్పిందో నేను చెప్పనక్కర లేదు. ఇగ నువ్వు?"

"నేను దుకాణం సంగతి చెప్పిన."

"తప్పు గాదు బిడ్డా. మనుషులు గిట్లనే అర్థం చేసుకుంటరు. ఉన్నది ఒకటే మనసాయె, దాంతోనే కొలుస్తరు. చరిత్ర రాసేటోళ్లు గూడ గంతే, పెద్ద పెద్దోళ్లు గూడ. మనం మాత్రం ఇంకొకళ్ల మనసుల్లకు పోయేముందు మన దుకాణం షట్టర్ దించి పోవాలె. ఏమేం సరుకు మన దగ్గర ఉన్నదో చూసుకొని, తాళం వేసి, అప్పుడు పోవాలె."

ప్రాజెక్టు మళ్లీ రాశాను. గడీ ఎందుకు ఆగిందో తెలియదని మొదటి వాక్యంలోనే ఒప్పుకుని, ఆ ఊళ్లో ఎవరెవరు ఎందుకు ఆగిందనుకుంటున్నారో, అలా ఎందుకు అనుకుంటున్నారో రాశాను. దానికి మేడం ఎగిరి గంతేసినంత పని చేశారు. "నువ్వు ఎం.ఏ. చదవాలె" అన్నారు. నాయిన ఒప్పుకోడన్నాను. తానే వచ్చి అడుగుతానన్నారు. సీతాఫలాల దగ్గర ఆమె ప్రతాపం చూసినదాన్ని కదా, కూర్చోబెట్టి తర్ఫీదు ఇచ్చాను.

"ఆశ చూపియ్యొద్దు మేడం. ముందు చీరలు చూడుండ్రి. దేన్నీ మెచ్చుకోవద్దు. నడుమ నా ముచ్చట తీయుండ్రి, పెద్దగ పట్టింపు లేనట్టు. నాయిన కాదంటె సరే అని లేవుండ్రి. మెల్లగ చెప్పులు తొడుక్కుంటుంటె తప్పక పిలుస్తడు."

ఆ మధ్యాహ్నం దుకాణంలో గిరాకీ లేదు. నేను అల్మారా వెనక నిలబడ్డాను. మేడం గద్దె మీద కూర్చుని, నాయిన విప్పిన మొదటి చీరకే "అబ్బ, ఎంత మంచిగుందో!" అన్నారు. రెండోదానికి ఇంకా గట్టిగా అన్నారు. నేను చున్నీ కొరుక్కున్నాను. చివరికి అప్పజెప్పినట్టు మొదలుపెట్టారు. "మీ బిడ్డను ఎం.ఏ.కు పంపిస్తరా? పంపకున్నా నాకేం ఫికర్ లేదు."

"మంచిది మేడం. ఫికర్ లేదంటున్నరు గద" అని నాయిన చీర మడతపెట్టాడు.

మేడం లేచారు. చెప్పులు తొడుక్కున్నారు. ఒకటి విప్పి మళ్లీ తొడుక్కున్నారు. మెట్లు దిగారు. నాయిన పిలవలేదు. రోడ్డు మీదికి పోయారు. పిలవలేదు. ఆమె చాయ్ హోటల్ దాకా పోయి, అక్కడ ఏం తోచక నిలబడి, చివరికి వెనక్కి వచ్చేశారు.

"అన్నా, నాకు బేరం రాదు. మీ బిడ్డ నేర్పిచ్చి పంపింది" అన్నారు ఆయాసపడుతూ.

నాయిన పడీపడీ నవ్వాడు. "చెప్పులకాడనే గుర్తువట్టిన మేడం. గా ఇకమతు దానికి నేర్పిందే నేను!" మంచినీళ్లు తెప్పించాడు. కానీ ఎం.ఏ. మాట మాత్రం ఎత్తలేదు. మేడం నీళ్లు తాగి, ఇక ఏ ఎత్తూ లేని మనిషిలా చతికిలబడి, ఊరికే తోచింది అడిగారు. "అన్నా, మీ ఊరి గడీ ఎందుకు ఆగిపోయింది అంటరు?"

అడిగి ఊరుకున్నారు. బేరంలో మేం కూడా ఊరుకుంటాం, అవతలివాడు తట్టుకోలేక ధర దించాలని. నాయిన మొదట అదేననుకుని నవ్వాడు. ఆమె నవ్వలేదు, ఎదురుచూడలేదు కూడా, వింటూ కూర్చున్నారు. నాయిన గజంకర్రతో పరుపు మీద గీతలు గీశాడు.

"కట్టుడు ఎంతసేపు మేడం. పైసలున్నోడు కడతడు. కట్టినంక అండ్ల ఎవరుంటరని ఆలోచన చేసి ఉంటడు. పిల్లలు సదువులని, కొలువులని యాడికో పోతరు. గన్ని అర్రలల్ల ఒక్కడే కూసోని ఎవరితోని ముచ్చట పెట్టాలె? గిరాకీలతోని..." అని టక్కున ఆగిపోయాడు. దొర గడీలోకి గిరాకీలు ఎలా వచ్చారో ఆయనకే అర్థమైంది. గజంకర్ర పక్కన పెట్టేశాడు.

నేనింతకాలం నాయిన దుకాణం లెక్కలు వేస్తున్నాడనే అనుకున్నాను. లాభం, నష్టం, నా పనితనం, ఇవే కారణాలనుకున్నాను. పొద్దంతా వందమందితో మాట్లాడే మనిషికి, అమ్మ లేని ఇంట్లో మాట్లాడే తోడు నేనొక్కదాన్నేనని నా తలకు తట్టలేదు. అల్మారా వెనకనుంచి బయటికి వచ్చాను. నా దగ్గర ఏ ఎత్తూ మిగల్లేదు.

"నాయినా, నాకు పోవాలనున్నది."

"గీ మాట ముందుగాల్నే అడగొద్దానే?"

"అడిగితె ఆశ కనబడతదని..."

"నాతోని గూడ బేరమేనా బిడ్డా?" అన్నాడు. కళ్లు నవ్వుతున్నాయి. తన ధర చెప్పాడు. "ఆదివారం ఆదివారం రావాలె. వారమంతా ఏం సదివినవో కూసోని చెప్పాలె. ఎగ్గొడితె ఊకోను."

రెండు వారాలకొకసారి అనటానికి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. నా జన్మలో మొదటిసారి చెప్పిన ధరకే ఒప్పుకున్నాను. మేడం ఆ సంతోషంలో ఇందాక మెచ్చుకున్న చీర ప్యాక్ చేయమని, ధర అడగకుండానే పర్సు తీశారు. నాయిన రెండు చేతులూ జోడించాడు. "ఒక్కమాటన్న తగ్గియ్యమనుండ్రి మేడం. మీరు అడగకుంటె నాకు అమ్మినట్టే అనిపిస్తలేదు!"

ఎం.ఏ. రోజుల్లో ప్రతి ఆదివారం మా గద్దె మీద చక్రవర్తులు కొలువు తీరారు. నాయిన ఎవరినీ వదిలేవాడు కాదు. ఒకాయన దండయాత్రలు చేసింది ఇంట్లో ముచ్చట పెట్టేవాళ్లు లేకేనని, ఇంకొకాయన రాజధాని మార్చింది పాత ఊళ్లో దోస్తులు చచ్చిపోయాకేనని తేల్చేవాడు. "నాయినా, సింహాసనం మీద నువ్వే కూసున్నవ్" అంటే, "కూసుంటె ఏమాయె, జాగ ఉన్నది గద" అనేవాడు. మేడం అప్పుడప్పుడు వచ్చి ఆయన పక్షాన వాదించేవారు.

ఇప్పుడు నేనూ చరిత్ర చెబుతున్నాను. ఒక వాక్యంలో ఎవరి మనసునైనా వివరించాక, అది ఎవరి మనసని ఒకసారి తడిమి చూసుకుంటాను. సగం సార్లు నాదే దొరుకుతుంది, కొట్టేస్తాను. ఆ విద్య నాకు పట్టుబడింది. పట్టుబడనిది ఆమె ఊరుకోవటం. మనిషిని అడిగి, జవాబు మనమే అందించకుండా, ఆ ఖాళీని అలా ఖాళీగా ఉంచటం. నాకు రెండు క్షణాలు దాటితే నాలుక దురద పెడుతుంది.

పోయిన వారం మా క్లాసులో బాగా చదివే పిల్ల ఒకతి వరసగా మొదటి పీరియడుకు రావటం లేదని పిలిచాను. కారణాలన్నీ నాకు ముందే తెలుసు. పెళ్లి సంబంధం, బస్సు, ఫోను, ఇంట్లో పని. నాలుగింటినీ వరసలో పెట్టుకుని, మింగేసి, "ఎందుకొస్తలేవమ్మా?" అని మాత్రం అడిగాను. ఆ పిల్ల గోడ చూసింది, నేల చూసింది. నేను కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాను.

"మా అమ్మమ్మకు స్కూటీ నేర్పిస్తున్న మేడం. పొద్దుగాలైతెనే రోడ్డు ఖాళీగ ఉంటది" అంది.

"ఎందాక వచ్చింది?"

"బ్రేకుకు బదులు హారన్ కొడుతున్నది మేడం. ఇంకో వారం టైమియ్యుండ్రి."

వారం ఇచ్చాను. బేరమాడలేదు.